లేత్ మీద మర కోసేటప్పుడు బర్ లేవకుండా చూసుకోవటం ఎట్టా

పోయినేడు ఎండల్లో ఒకరోజు పొద్దున ఆరు కూడా కాకముందే షెడ్డు షట్టరు దబదబా బాదతా ఉండారు, తీసి చూస్తే ఇందుకూరుపేట తట్టు రొయ్యల గుంటల ఆసామి. చేతిలో ఏరేటర్ షాఫ్టు, దాని కొసన నట్టు సగం దాకా వచ్చి అక్కడే పట్టేసి ఉండాది. రెక్కల చక్రం మారుద్దామని నట్టు ఇప్పబోతే అటూ రాదు ఇటూ పోదు. నాలుగు రోజుల ముందర నేనే మర కోసిచ్చిన షాఫ్టు అది. తెల్లారగట్ల గుంటలో ఆక్సిజన్ పడిపోయే టైములో ఏరేటర్ ఆగితే రొయ్య నీళ్ల పైకి తేలతాది, అందుకని ఆయన కోపంలో తప్పేం లేదు. "ఏం మేస్త్రీ, నువ్వు కోసింది మరా, రంపమా?" అన్నాడు. నేనేం మాట్లాడలా. బొటనవేలు మర మీద ఈడిస్తే చర్మం గీరుకుపోయింది, ఇంక మాట్లాడేదానికి ఏముండాది.

షాఫ్టూ నట్టూ రెండూ 304 ఎస్సెస్, అంటే స్టెయిన్ లెస్ స్టీలు. మర తల మీద లేచిన బర్, అంటే కోసినప్పుడు అంచున లేచే పదును రేకు, నట్టు తిరిగేటప్పుడు ఊడి రెండు మరల మధ్య ఇరుక్కుంది, స్టీలు స్టీలుతో రాసుకుని అతుక్కుపోయింది. ఎస్సెస్ కి ఉండే జబ్బే అది, ఒకసారి పట్టిందంటే స్పానర్ కి ఎంత పొడుగు పైపు తొడిగినా నట్టు రాదు, రాడ్డు విరగాల్సిందే. ఆ రోజు నట్టుని రంపంతో చీల్చి తీసి, ఇంకో షాఫ్టు కోసిచ్చి పంపిచ్చా, డబ్బులు తీసుకోలా.

మన తట్టు షెడ్లలో చాలామంది బర్ అంటే పని అయిపోయినాక ఆకురాయి పెట్టి రెండుసార్లు గీకితే పోయేది అనుకుంటారు. నేనూ అట్నే అనుకునేవాడిని. ఆకురాయి పెడితే బర్ పోదు, పైనున్నది వంగి మర గాడిలోకి పడుకుంటాది, చూసేదానికి నున్నగా కనపడతాది, నట్టు ఎక్కిచ్చినప్పుడు లేస్తాది. బర్ ఎంత లేవాలో టూల్ మొదటి కట్ వెయ్యకముందే తేలిపోయి ఉంటాది. రాడ్డు సైజు ఎంత పెట్టావ్, చాంఫర్ (కొస అంచుని వాలుగా కోసెయ్యటం) కొట్టావా లేదా, టూల్ గ్రైండర్ మీద ఎట్టా రుద్దావ్, ఏ పక్కనుంచి లోపలికి తోస్తా ఉండావ్, ఈ నాలుగే. అందుకని కింద రాసేదాంట్లో ముప్పాతిక భాగం మర మొదలుపెట్టక ముందు చేసే పనులే ఉంటాయి, విసుక్కోకుండా చదవండి.

లెక్కలన్నీ ఎం20, 2.5 పిచ్ మీద చెప్తా, అంటే బయటి సైజు 20 మి.మీ, ఒక మరకీ పక్క మరకీ మధ్య 2.5 మి.మీ, ఒక్క సైజు పట్టుకుని చివరిదాకా పోతే అర్థమవుతాది. మిగతా సైజులకి మీరే లెక్క కట్టుకోవచ్చు.

బర్ యాడ లేస్తాది

నాలుగు చోట్ల. మొదటిది మర తల మీద: టూల్ వి ఆకారంలో లోపలికి దిగేటప్పుడు మెటల్ అంతా చిప్ గా రాదు, కొంత రెండు పక్కలకీ ఒత్తుకుని పైకి ఉబ్బుతాది, బురదలో కాలేస్తే వేళ్ల సందుల్లోంచి బురద పైకి లేచినట్టు. రెండోది మర మొదలయ్యే చోట, అక్కడ మర ఒక్కసారిగా నిండుగా రాదు, కాగితం అంత పల్చటి రేకుతో మొదలవుతాది, చేతులు కోసేది ఎక్కువగా అదే. మూడోది మర అయిపోయే చోట టూల్ బయటికి లాగినప్పుడు లేచే గుత్తి. నాలుగోది మర పక్క గోడల మీద చిరుగులు. ఈ నాలుగోది నిజానికి బర్ కాదు, టూల్ కొసకి మెటల్ ముద్ద అతుక్కుని కొయ్యాల్సింది పోయి చింపటం, కానీ బాధ ఒకటే.

ఏది వస్తా ఉందో ముందు చూసుకోండి, ఎందుకంటే ఒక్కోదానికి మందు వేరు. తల మీద లేస్తా ఉంటే స్పీడు మార్చి లాభం లేదు, గోడలు చిరగతా ఉంటే రాడ్డు సైజు తగ్గిచ్చి లాభం లేదు.

మెటీరియల్ సంగతి

స్క్రాప్ షాపులో దొరికే మెత్తటి ఎంఎస్ (మైల్డ్ స్టీలు) రాడ్డు మర కోసేదానికి మహా చెడ్డది, జిగురు మాదిరి సాగతాది. అదే ఈఎన్8 రకం స్టీలు అయితే కొంచెం కార్బన్ ఎక్కువ కాబట్టి చిప్ తెగి వస్తాది, మర నున్నగా వస్తాది. బలం అక్కర్లేని చిన్న పనులకి లెడ్ కలిపిన ఈఎన్1ఏ దొరికితే హాయి, వెల్డింగ్ ఉంటే మాత్రం దాని జోలికి పోవద్దు. ఇత్తడికి బర్ తక్కువ. గన్ మెటల్ కూడా అంతే. బీడు (పోత ఇనుము) అయితే బర్ లేవదు, తల పెచ్చులూడతాది, అది వేరే తలనొప్పి.

మన జిల్లాలో పని ఎక్కువ వచ్చేది ఎస్సెస్ లోనే, రొయ్యల గుంటలు, కృష్ణపట్నం తట్టు, సముద్రం గాలికి ఎంఎస్ ఆగదు కాబట్టి. 304 గానీ 316 గానీ రెండిటికీ ఒక గుణం ఉండాది, టూల్ కొయ్యకుండా ఊరికే రుద్దితే ఆ రుద్దిన పొర గట్టిపడిపోతాది. తర్వాత కట్ ఆ గట్టి పొర మీద జారి చింపతాది. దీన్ని గుర్తుపెట్టుకోండి, కట్ల దగ్గర మళ్లీ అవసరం పడతాది.

రాడ్డు సైజు తగ్గిచ్చుకోవటం

ఎం20 మర అంటే రాడ్డు కరెక్టుగా 20.00 పెట్టేవాళ్లు ఉండారు, నేనూ మొదట్లో అంతే, నాకు నేర్పినాయన కూడా అంతే. 20.00 పెడితే తల ఉబ్బి 20.1 దాటతాది, ఇంక నట్టు ఎట్టా ఎక్కుద్ది? మామూలు 6జీ టాలరెన్స్ (సైజులో ఒప్పుకునే తేడా) లోనే ఎం20 బయటి సైజు 19.958 నుంచి 19.623 దాకా ఉండొచ్చు. నేను 19.80 పెడతా. మెత్తటి ఎంఎస్ అయితే 19.75. అట్టా పెడితే తల ఉబ్బినా సైజు లోపలే ఉంటాది. ఎం24 3 పిచ్ కి 23.952 నుంచి 23.577 వరకు పనికొస్తాది, 23.75 దగ్గర పెట్టుకోండి. మర బలం తగ్గిపోతాదేమో అని భయపడొద్దు, నట్టు పట్టు అంతా గోడల మీద ఉంటాది గానీ తల కొసన కాదు.

సైజు తీసే ఆఖరి కట్ కూడా నున్నగా ఉండాలి. గరుగ్గా తిప్పిన రాడ్డు మీద మర కోస్తే ఆ గీతలన్నీ తల మీద చిన్న చిన్న పళ్లుగా మిగిలిపోతాయి.

చాంఫర్, గాడి

మర మొదలయ్యే కొసకి చాంఫర్ ముందే కొట్టండి, ఊరికే మూల విరిచినట్టు కాదు, మర అడుగు సైజు కన్నా కొంచెం కిందికి దిగాలి. ఎం20కి మర అడుగు 16.93 వస్తాది, కాబట్టి రాడ్డు మొహం దగ్గర చాంఫర్ సైజు 16.5 ఉండేట్టు కొట్టండి. 45 డిగ్రీలు సరిపోతాది, 30 అయితే ఇంకా మెత్తగా మొదలవుతాది, నట్టు కూడా తేలిగ్గా దారి పట్టుకుంటాది.

రెండో కొసన గాడి. మర అయిపోయే చోట పార్టింగ్ టూల్ తో గానీ గుండ్రటి ముక్కు టూల్ తో గానీ 16.4 సైజుకి 6, 7 మి.మీ వెడల్పు గాడి కొట్టుకుంటే టూల్ ఖాళీలోకి వచ్చి ఆగతాది, గుత్తి లేవదు, మీ గుండె కూడా దడదడ కొట్టుకోదు. గాడి మూలలు మాత్రం పదునుగా వదలొద్దు, కొద్దిగా గుండ్రం ఉండాలి, ఏరేటర్ షాఫ్టులు విరిగేది సరిగ్గా అక్కడే, నేను చాలా చూశా. గాడి వద్దు అని కస్టమర్ అంటే, లేకపోతే షాఫ్టు మీద లోడు ఎక్కువై గాడి పెట్టటం మంచిది కాకపోతే, మర ఆగే చోట స్కెచ్ పెన్నుతో గీత గీసి, గీత దగ్గరికి రాగానే ఎడం చేత్తో క్రాస్ స్లయిడ్ (టూల్ ని రాడ్డుకి అడ్డంగా నడిపే స్లయిడ్) గబుక్కున వెనక్కి లాగాలి, ప్రతి కట్ కీ అదే చోట లాగాలి. చెయ్యి కుదరాలంటే ముందు గాల్లో, టూల్ తగలకుండా నాలుగైదుసార్లు ప్రాక్టీసు చెయ్యండి.

ఇంకో పద్ధతి ఉండాది, టూల్ ని తలకిందులు పెట్టి, రాడ్డుని తిప్పే స్పిండిల్ ని రివర్స్ లో తిప్పి, గాడిలో మొదలుపెట్టి టెయిల్ స్టాక్ (రాడ్డు రెండో కొసకి ఆనిచ్చే భాగం) తట్టుకి కోసుకుంటా పోవటం. కుడి మరే వస్తాది, టూల్ ఖాళీలోకి బయటికి పోతాది, చక్ (రాడ్డుని బిగిచ్చే పట్టు) ని గుద్దుకునే భయం లేదు. కానీ మన షెడ్లలో పాత లేత్ లకి చక్ స్పిండిల్ మీద మరతో బిగిచ్చి ఉంటాది, రివర్స్ లో లోడు పడితే చక్ ఊడి కాళ్ల మీద పడతాది. చక్ కి లాక్ ఉన్న మిషన్ మీద తప్ప చెయ్యొద్దు.

టూల్ రుద్దటం, అసలు పనంతా ఇక్కడే

చెయ్యి తిప్పే లేత్ మీద మర కోసేదానికి నా ఓటు హెచ్చెస్సెస్ (హై స్పీడ్ స్టీలు) బిట్ కే. కార్బైడ్ టూల్ నిజంగా నున్నగా కొయ్యాలంటే నిమిషానికి 80 నుంచి 100 మీటర్ల స్పీడు కావాలి, 20 మి.మీ రాడ్డుకి అది 1300 నుంచి 1600 ఆర్పీఎం అవుతాది. ఆ స్పీడులో 2.5 పిచ్ మర చేత్తో ఆపగలిగే మొనగాడు ఎవరన్నా ఉంటే నాకు చూపిచ్చండి. నిదానంగా తిప్పితే కార్బైడ్ కొసకి మెటల్ అతుక్కుని గోడలు చింపతాది. సీఎన్సీ (కంప్యూటర్ నడిపే లేత్) వాళ్ల సంగతి వేరు, వాళ్లకి ఫుల్ ప్రొఫైల్ ఇన్సర్టులు ఉంటాయి, అవి మర తల కూడా కోసేస్తాయి కాబట్టి తల మీద బర్ అనేది ఉండదు.

కోణం 60 డిగ్రీలు, సెంటర్ గేజ్ (60 డిగ్రీల గాడి ఉన్న చిన్న రేకు) తో లైటు వెలుతురుకి అడ్డం పెట్టి చూడండి, సందులోంచి వెలుతురు రాకూడదు. పాత రైస్ మిల్లు సామాను, పాత ఇంజన్ల పనిలో విట్ వర్త్ మరలు ఇంకా వస్తా ఉంటాయి, దానికి 55, అక్కడ 60 టూల్ పెడితే నట్టు ఎక్కినట్టే ఎక్కి గోడల మీద రాసుకుంటాది. ముక్కు సూది మొన మాదిరి వదలొద్దు. 2.5 పిచ్ కి ముక్కు దగ్గర 0.3 మి.మీ చదునుగానో గుండ్రంగానో ఉండాలి. సూది మొన మొదటి కట్ లోనే విరగతాది, విరిగింది మీకు కనపడదు, మిగతా మరంతా ఆ విరిగిన ముక్కుతో చింపుకుంటా పోతారు.

పక్క క్లియరెన్స్ (టూల్ పక్కలు మరకి రాసుకోకుండా కిందికి వాల్చి రుద్దటం) గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఇక్కడే నేను చాలా ఏళ్లు తప్పు చేశా. మర అంటే ఏటవాలు దారి కదా, టూల్ ఎడం పక్క, అంటే ముందుకు పోయే పక్క, ఆ ఏటవాలుకి తగిలి కడుపుతో రుద్దుకుంటాది. ఎం20 2.5కి ఆ ఏటవాలు దాదాపు 2.5 డిగ్రీలు. మీరు రెండు పక్కలా 3 డిగ్రీల క్లియరెన్స్ ఇస్తే ఎడం పక్క మిగిలేది అర డిగ్రీ, అంటే కోసినట్టు కాదు, ఇస్త్రీ చేసినట్టు. మెటల్ ఒత్తుకుని పైకి పోతాది, తల మీద బర్. అందుకని ఎడం పక్క 6 డిగ్రీలు, కుడి పక్క 3 చాలు, ఎడం మరకి తిరగేసుకోండి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల నుంచి వచ్చే స్క్రూ జాకీల మాదిరి పెద్ద పిచ్ మరలకి ఏటవాలు ఇంకా ఎక్కువ, పిచ్ ని సగటు చుట్టుకొలతతో భాగిస్తే తెలుస్తాది, కొయ్యకముందు లెక్క కట్టుకోవాల్సిందే.

పై మొహం చదునుగా, రేక్ (పై మొహం వాలు) లేకుండా రుద్దటం మామూలు. ఇత్తడికి అదే సరి. ఎంఎస్ కీ ఎస్సెస్ కీ కాంపౌండ్ (క్రాస్ స్లయిడ్ మీద ఏ కోణానికైనా తిప్పుకునే చిన్న స్లయిడ్) తో ఒక పక్కనుంచి తోసేటట్టయితే పై మొహాన్ని కుడి తట్టుకి 5 డిగ్రీలు వాల్చి రుద్దితే చిప్ చుట్ట చుట్టుకుని వస్తాది.

రుద్దటం అయినాక గ్రైండర్ మీదనుంచి నేరుగా టూల్ పోస్టుకి పోవద్దు. గ్రైండర్ చక్రం టూల్ కొసకే ఒక బర్ లేపతాది, గోటితో ఈడిస్తే తెలుస్తాది. దాన్ని నూనె రాయి మీద పై మొహం, రెండు పక్కలు నాలుగైదు రుద్దులు రుద్దాలి. రెండు నిమిషాల పని. ఎవరూ చెయ్యరు. పళ్లు పడిన టూల్ కొస ఎట్టా ఉంటే మర గోడ అట్నే వస్తాది, అచ్చు గుద్దినట్టు.

బిగిచ్చటం

టూల్ ముక్కు సెంటర్ హైటులో ఉండాలి. టెయిల్ స్టాక్ సెంటర్ తో చూడొచ్చు, లేకపోతే పల్చటి స్టీలు స్కేలుని రాడ్డుకీ టూల్ ముక్కుకీ మధ్య నిలబెట్టి మెల్లగా పట్టిచ్చండి, స్కేలు నిట్టనిలువుగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు, పైభాగం మీ తట్టు వాలితే టూల్ కిందికి ఉండాది, అవతలికి వాలితే పైకి ఉండాది. పైకి ఉన్న టూల్ కొయ్యదు, రుద్దతాది. సెంటర్ గేజ్ ని రాడ్డుకి ఆనిచ్చి టూల్ నిలువుగా సెట్ చెయ్యండి, టూల్ పోస్టు బిగిచ్చినాక ఇంకోసారి చూడండి, బోల్టు బిగిచ్చేటప్పుడు తిరగతాది అది.

టూల్ బయటికి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. కాంపౌండ్ స్లయిడ్ గిబ్ (స్లయిడ్ ఊగకుండా బిగిచ్చే పట్టీ) వదులుగా ఉందేమో చేత్తో ఊపి చూడండి, ఊగితే బిగిచ్చుకోండి, లేకపోతే ఎంత బాగా రుద్దిన టూల్ అయినా వణికి గోడ మీద అలలు పెడతాది. రాడ్డు చక్ బయటికి దాని లావుకి మూడింతలు దాటితే టెయిల్ స్టాక్ సెంటర్ పెట్టాల్సిందే.

కాంపౌండ్ 29.5 డిగ్రీలకి తిప్పండి. ఈ 29.5 అనేది క్రాస్ స్లయిడ్ పోయే దిక్కు నుంచి కొలవాలి. కొన్ని మిషన్ల మీద సున్నా గుర్తు బెడ్ తట్టు ఉంటాది, అట్టా అయితే గుర్తు మీద 60.5 పెట్టాలి, అంకె చూసి మోసపోవద్దు. ఎందుకీ తిప్పలంటే, నేరుగా లోపలికి తోస్తే టూల్ రెండు పక్కలా ఒకేసారి కోస్తాది, రెండు చిప్ లు మధ్యలో గుద్దుకుని ఇరుక్కుంటాయి, చింపతాయి. ఏటవాలుగా తోస్తే ఎడం పక్కే కోస్తాది, చిప్ కి పోయేదానికి దారి ఉంటాది. 30 కాకుండా 29.5 ఎందుకంటే ఆ అర డిగ్రీ వల్ల కుడి గోడని కూడా కొంచెం గీరుకుంటా పోతాది, మెట్లు మెట్లుగా మిగలదు.

గేర్లు, స్పీడు, నూనె

మీ లేత్ లీడ్ స్క్రూ (టూల్ ని పొడుగునా నడిపే పెద్ద మర రాడ్డు) అంగుళానికి 4 మరలది అయితే, పాతవి ఎక్కువ అవే, ఎంఎం మరకి 127 పళ్ల గేరు కావాలి. ఆ సెట్టింగులో హాఫ్ నట్ (టూల్ బండిని లీడ్ స్క్రూకి తగిలిచ్చే నట్టు) ని మర పూర్తయ్యేదాకా తియ్యకూడదు. తీసి మళ్లీ వేస్తే దారి తప్పతాది, పాత మర పక్కన కొత్త మర పడతాది, మిగిలేది చెక్కిన జామకాయ. కట్ అయినాక టూల్ వెనక్కి లాగి, మోటారు రివర్స్ కొట్టి, మొదటికి తెచ్చుకోండి. టూల్ లాగకుండా రివర్స్ కొడితే గేర్లలో ఉండే వదులు వల్ల టూల్ గోడని రాసుకుంటా వస్తాది, ముక్కు విరగతాది, బర్ ఎదురు తట్టుకి లేస్తాది.

స్పీడు హెచ్చెస్సెస్ కి ఎంఎస్ మీద నిమిషానికి 8, 10 మీటర్లు, 20 మి.మీ రాడ్డుకి దాదాపు 150 ఆర్పీఎం. గాడి లేకపోతే 60, 70కి దిగండి. ఎస్సెస్ కి 5, 6 మీటర్లు, అంటే 80, 90 ఆర్పీఎం.

నూనె విషయంలో పిసినారితనం వద్దు. కూలెంట్ నీళ్లు మర పనికి పల్చన, వేడి తీస్తాయి గానీ జారుడు ఇవ్వవు. సల్ఫర్ కలిపిన కటింగ్ ఆయిల్ బ్రష్ తో ప్రతి కట్ కీ పూయండి. అది చేతికి లేనప్పుడు నేను ఎస్సెస్ కి ఆముదం వాడతా, చిక్కగా ఉండి కారిపోదు, పని జరగతాది, వాసనకి మా హెల్పర్ మొహం చిట్లిస్తాడు అంతే. అల్యూమినియానికి కిరోసిన్. వాడేసిన ఇంజనాయిల్ మాత్రం వద్దు, అందులో రజనూ మసీ ఉంటాయి, చేతులకీ మంచిది కాదు.

కట్లు వెయ్యటం

మర లోతు పిచ్ ని 0.6134తో గుణిస్తే వస్తాది, 2.5కి 1.53 మి.మీ. కాంపౌండ్ ఏటవాలుగా పోతాది కాబట్టి దాని డయల్ మీద ఎక్కువ నడవాలి. మొదట రాడ్డుకి టూల్ ఆనిచ్చి రెండు డయళ్లూ సున్నా చేసుకోండి. మీ క్రాస్ స్లయిడ్ డయల్ లోతు చూపిస్తాదా, దానికి రెట్టింపు సైజు చూపిస్తాదా ముందే తెలుసుకోండి, ఇది తెలియక మర సగానికి వదిలినోళ్లూ ఉండారు, రాడ్డు నడుం కోసినోళ్లూ ఉండారు.

మొదటి కట్ ఊరికే గీత పడేంత. మిషన్ ఆపి పిచ్ గేజ్ పెట్టి చూడండి, గేరు తప్పు పెట్టుంటే ఇక్కడే దొరకతాది. తర్వాత కాంపౌండ్ మీద 0.30, 0.25, 0.25, 0.20, 0.20, 0.15, 0.15, 0.10, 0.10. మొత్తం 1.70. ఆ తర్వాత కాంపౌండ్ ముట్టుకోకుండా క్రాస్ స్లయిడ్ తో నేరుగా 0.05 లోపలికి, ఈ కట్ రెండు గోడల్నీ సమంగా సాపు చేస్తాది. లోతు 1.53 వచ్చేస్తాది. లోపలికి పోయే కొద్దీ కట్ ఎందుకు తగ్గిస్తా పోతామంటే టూల్ కి తగిలే గోడ వెడల్పు పెరగతా పోతాది, మొదట్లో 0.30 కోసిన లోడు చివర్లో 0.10కే వచ్చేస్తాది.

ఎస్సెస్ కి ఇందాక చెప్పిన గట్టిపడే గుణం ఉండాది కదా, అందుకని కాంపౌండ్ 1.60 దగ్గర ఆపేసి క్రాస్ స్లయిడ్ తో 0.07 చొప్పున రెండు కట్లు వెయ్యండి. 0.02, 0.03 గీకుళ్లు వద్దు. ఎంఎస్ కి చివర్లో లోతు పెంచకుండా అదే చోట ఒకసారి ఖాళీగా నడపటం మంచిదే, రాడ్డు ఒంగింది సరిపోతాది. ఎస్సెస్ కి ఊరికే ఖాళీగా నడిపితే రుద్ది గట్టిపరుస్తాది, దానికి వేరే లెక్క ఉండాది, కింద చెప్తా.

మధ్యలో చిప్ మరకి చుట్టుకుంటే చేత్తో లాగొద్దు. కొక్కెం పెట్టండి, అదీ మిషన్ ఆపి. చేతులకి గ్లౌజులు, మెడలో తువ్వాలు, ఈ రెండూ లేత్ దగ్గర ఉండకూడదు. ఎండకి తువ్వాలు లేకుండా ఎట్టా అంటారు మావాళ్లు, తీసి మేకుకి తగిలిచ్చండి అంటా.

బర్ తీసే వరస

ఎంత జాగ్రత్తగా చేసినా తల మీద వెంట్రుక మందం లేస్తాది. దాన్ని ఆఖరి కట్ కి ముందే తియ్యాలి, తర్వాత కాదు. ఆఖరి కట్ ఒకటి మిగిలి ఉండగా మిషన్ నిదానంగా తిప్పతా సన్న పళ్ల ఆకురాయి మర తలల మీద చదునుగా, బరువు వెయ్యకుండా రెండు మూడుసార్లు పోనియ్యండి. ఆకురాయికి పిడి ఉండాలి, పిడిని ఎడం చేత్తో పట్టుకోండి, కుడి చేత్తో పట్టుకుంటే మోచెయ్యి తిరిగే చక్ మీదికి వస్తాది. ఎమిరీ పేపర్ వేలికి చుట్టి పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తాది, మర పేపర్ ని పట్టుకుంటే వేలు కూడా పోతాది.

ఇట్టా తీసినప్పుడు బర్ కొంత గాడిలోకి వంగతాది. ఇప్పుడు ఆఖరి కట్ వెయ్యండి, టూల్ వంగిన ఆ రేకుని లోపలినుంచి కోసేస్తాది. ఎస్సెస్ కి కూడా ఇదే వరస, ఆ 0.07 రెండో కట్ ని దీనికోసమే దాచుకోండి. ఆకురాయి ముందు, టూల్ తర్వాత. నేను ఆ ఆసామికి చేసిన షాఫ్టుకి టూల్ ముందు, ఆకురాయి తర్వాత.

తర్వాత మొదటి మర దగ్గరి పల్చటి రేకు. చాంఫర్ టూల్ తో కొసని ఇంకోసారి తాకిచ్చండి, మర కోసేటప్పుడు చాంఫర్ మీదికి లేచిన బర్ పోతాది. అయినా మొదటి పావు చుట్టు రేకు మిగిలే ఉంటాది, మిషన్ ఆపి మూడు మూలల చిన్న ఆకురాయితో ఆ రేకుని మర నిండు మందం వచ్చేదాకా అడ్డంగా కొట్టెయ్యండి. మోటారు పైపుల కప్లింగులకీ, రోజూ ఊడదీసి బిగిచ్చే వాటికీ ఇది తప్పనిసరి, లేకపోతే అడ్డంగా ఎక్కి మర చెడిపోయేది ఇక్కడే.

ఆఖర్న వైర్ బ్రష్, ఎస్సెస్ కి ఎస్సెస్ బ్రష్షే, ఇనప బ్రష్ పెడితే రెండు రోజుల్లో తుప్పు మచ్చలు లేస్తాయి.

పరీక్షకి దూది. మిషన్ ఆపేసి మర మీద పొడుగునా ఒకసారి, చుట్టూ రెండు దిక్కులా ఒకసారి దూది ఈడవండి. పోగు యాడ చిక్కుకుంటే బర్ అక్కడ ఉండాది. గో గేజ్ (మర సైజు చూసే గేజ్) ఉంటే అది, లేకపోతే కొత్త నట్టు, చేత్తోనే చివరిదాకా పోవాలి, స్పానర్ పెట్టి ఎక్కిచ్చి సరిపోయింది అనుకోవద్దు.

లోపలి మరలు, డైలు

లోపలి మరకి రంధ్రం సైజు పిచ్ తీసేస్తే వచ్చేది, ఎం20కి 17.5. గన్ మెటల్ బుష్ అయినా ఎంఎస్ నట్టు అయినా రెండు కొసలా చాంఫర్ ముందే 20 దాటేట్టు కొట్టండి. మర అయినాక అదే బోరింగ్ టూల్ ని 17.5 మీద, లోతు పెంచకుండా ఇంకోసారి లోపలికి పంపి, మళ్లీ మర టూల్ ఒకసారి నడపండి, బయట ఆకురాయి చేసిన పనే అది. ట్యాప్ (లోపలి మర కోసే టూల్) వాడేటట్టయితే ఎస్సెస్ లో మూడు ట్యాపులూ వరసగా, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి.

డై (బయటి మర కోసే బిళ్ల) తో కోసేవాళ్లు డై మొహం రాడ్డుకి అడ్డంగా చదునుగా కూర్చునేట్టు టెయిల్ స్టాక్ తో నొక్కిపెట్టి మొదలుపెట్టండి, మొద్దు డై అయితే ఏం చేసినా చింపతాది, పారెయ్యండి.

అప్పజెప్పేటప్పుడు

ఎస్సెస్ షాఫ్టుకి ఎస్సెస్ నట్టు ఇస్తా ఉంటే మర మీద యాంటీ సీజ్ పేస్టు (మరలు పట్టెయ్యకుండా పూసేది) పూసి ఇవ్వండి, లేకపోతే కనీసం గ్రీజు. నట్టుకీ దూది పరీక్ష చెయ్యండి, బజార్లో కొన్న నట్టుల్లో కూడా మొదటి మర దగ్గర రేకు ఉంటాది. ఇంక నున్నగా కోసిన మరని తీసుకుపోయి ట్రాలీ ఆటోలో ఇనప సామాను మధ్యలో పారేస్తే మైపాడు రోడ్డు గతుకులకి తలలన్నీ నొక్కుకుపోయి మళ్లీ బర్ తయారవుతాది, అప్పుడు కూడా తప్పు టర్నర్ దే అంటారు. పాత సైకిల్ ట్యూబు జానెడు ముక్క కోసి మర మీద తొడిగి పంపిస్తా నేను, ఆ ట్యూబులు మా పక్క సైకిల్ షాపాయన ఊరికే ఇస్తాడు.